బెంగళూరులో లినక్స్ వాడుతున్న తెలుగువారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్ళి పీజీలలో ఉంటూ ఉద్యోగం వెదుక్కుంటున్న విద్యార్థుల నుంచి, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో పిల్లల దగ్గర ఉంటున్న పెద్దల వరకు, లినక్స్ విషయంలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాము. ఉదాహరణలు ఎక్కువగా ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్ అనే లినక్స్ రకాలకు (డిస్ట్రోలకు) సంబంధించినవి. ఫెడోరా, ఆర్చ్ వాడేవారికి ప్యాకేజీల (ఇన్‌స్టాల్ చేసే సాఫ్ట్‌వేర్ మూటల) కమాండ్లు మారతాయి గాని లోపాన్ని వెదికే పద్ధతి మారదు. కమాండ్లను ఫోనులో ఒకరికొకరు పలికి చెప్పుకునే తీరులో తెలుగు అక్షరాలతోనే రాశాము. టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే కిటికీలో) వాటిని, పెద్ద అని చెప్పినచోట తప్ప, ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేసి, "మైనస్" అన్నచోట అడ్డగీత పెట్టాలి.

సహాయం అడిగే ముందు ఏమేమి సిద్ధం చేసుకోవాలి?

"లినక్స్ పనిచేయడం లేదు" అని చెబితే ఎంత అనుభవం ఉన్నవారికైనా చేయడానికి ఏమీ ఉండదు. మీ ముందున్న యంత్రం వారికి కనబడదు. మీరు ఎంత చూపిస్తే అంతే కనబడుతుంది. అందుకని మీరు ఏ పని చేయబోయారో, ఏమి జరగాలని అనుకున్నారో, నిజంగా ఏమి జరిగిందో, దానికి ముందు చివరిసారిగా యంత్రంలో ఏమి మారిందో వరుసగా రాయండి. వీటిలో చివరిదే అన్నిటికంటే ముఖ్యమని మా అభిప్రాయం. "నేనేమీ ముట్టుకోలేదండీ" అనేవారు అబద్ధం చెప్పడం లేదు. కాని వారికి తెలియకుండానే ముందురోజు భద్రతా అప్‌డేట్లు వాటంతట అవే ఎక్కి ఉండవచ్చు. వార్ ఫోల్డర్‌లోని లాగ్, అందులోని ఏపీటీ ఫోల్డర్‌లో హిస్టరీ డాట్ లాగ్ అనే ఫైలు ఉంటుంది. దానిని తెరిస్తే ఏ తేదీన, ఏ గంటకు, ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు మారిందో తెలుస్తుంది.

తరువాత యంత్రం వివరాలు ఇవ్వాలి. ఐఎన్‌ఎక్స్‌ఐ అనే చిన్న ప్రోగ్రామును మైనస్ పెద్ద ఎఫ్, చిన్న జెడ్ జతచేసి నడిపితే ప్రాసెసర్, గ్రాఫిక్స్, వై-ఫై చిప్, కెర్నెల్ (లినక్స్ మూల భాగం) వెర్షన్ అన్నీ ఒకేచోట వస్తాయి. చివరి జెడ్ వల్ల సీరియల్ నంబర్లు, నెట్‌వర్క్ చిరునామాలు బయటపడకుండా దాగిపోతాయి. లోపం వచ్చిన వెంటనే రీస్టార్ట్ చేశారనుకోండి, జర్నల్‌సీటీఎల్ మైనస్ బి మైనస్ 1 అన్న కమాండ్ ఆ ముందటి బూట్‌లో నమోదైన లాగ్‌ను చూపిస్తుంది. దానికి మైనస్ పి ఈఆర్ఆర్ అని చేర్చితే తీవ్రమైన దోషాలు మాత్రమే వడబోసి వస్తాయి.

తెలుగు ఇంటర్‌ఫేస్ వాడేవారికి ఇంకొక సూచన. దోష సందేశం తెలుగులో వస్తే దానిని వెదికినప్పుడు జవాబులు దొరకవు. కమాండ్‌కు ముందు ఎల్‌సీ, అండర్‌స్కోర్, ఏఎల్ఎల్, ఈజ్ ఈక్వల్ టు, సీ అని పెద్ద అక్షరాలలో రాసి ఖాళీ వదిలితే, ఆ ఒక్క కమాండ్ వరకు సందేశం ఇంగ్లీషులో వస్తుంది.

తెరను ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే చాలదా?

యంత్రం బూట్ కానప్పుడు అంతకంటే మార్గం లేదు, అప్పుడు తప్పకుండా పంపండి. మిగిలిన సందర్భాలలో అక్షరాలనే కాపీ చేసి పంపండి. ఫొటోలోని సందేశాన్ని ఎవరూ వెదకలేరు, పైగా అసలు కారణం తరచుగా ఫొటో అంచుకు పైన, కనబడని వరుసలో ఉంటుంది. సందేశాన్ని మీ మాటల్లో చెప్పకుండా ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి. "పర్మిషన్ డినైడ్", "నో సచ్ ఫైల్" అనేవి రెండూ వినేవారికి "ఫైలు తెరుచుకోలేదు" గానే చేరతాయి, కాని వాటి చికిత్సలు పూర్తిగా వేరు.

ఎవరో చెప్పిన కమాండ్‌ను నమ్మి నడపవచ్చా?

చెప్పినవారు మంచివారే అయినా, అది ఏమి చేస్తుందో తెలుసుకోకుండా నడపవద్దు. సుడో అన్న మాట ముందు ఉన్న ప్రతి కమాండ్ యంత్రం మీద సర్వాధికారంతో నడుస్తుంది. ఎమ్ఏఎన్ అని రాసి పక్కన ప్రోగ్రాము పేరు ఇస్తే దాని వివరణ పుస్తకం అక్కడే తెరుచుకుంటుంది, అది కొరుకుడు పడకపోతే చెప్పినవారినే "ఇందులో ఈ భాగం ఎందుకు?" అని అడగండి. నిజంగా తెలిసినవారు ఆ ప్రశ్నకు విసుక్కోరు.

మూడు రకాల సలహాల విషయంలో గట్టిగా జాగ్రత్తపడాలి. ఒకటి, ఆర్ఎమ్ మైనస్ ఆర్ఎఫ్ ఉన్నది ఏదైనా: దారిలో ఒక ఖాళీ పొరపాటున పడినా తొలగించవలసిన ఫోల్డర్ మారిపోతుంది, చెత్తబుట్ట లోంచి తిరిగి తీసుకునే అవకాశం కూడా ఉండదు. రెండవది, అనుమతుల సమస్యకు సీహెచ్‌మాడ్ మైనస్ పెద్ద ఆర్ 777 అన్న మందు. అది అప్పటికి పనిచేసినట్టే కనబడుతుంది. కాని సిస్టమ్ ఫోల్డర్ల మీద నడిపితే సుడో, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే ప్రోగ్రాము) వంటివి తమ ఫైళ్ళ అనుమతులు అతి వదులుగా ఉన్నాయని చూసి పనిచేయడమే మానేస్తాయి, మొత్తం తిరిగి ఇన్‌స్టాల్ చేయడమే తేలిక అన్న స్థితి వస్తుంది. మూడవది, ఏదో వెబ్ చిరునామా నుంచి స్క్రిప్టును దించి చూడకుండానే నేరుగా సుడో బాష్‌కు (సర్వాధికారంతో కమాండ్లు నడిపే ప్రోగ్రాముకు) అందించే ఒంటి వరుస కమాండ్. ముందు ఫైలుగా దించుకుని, తెరిచి చదివి, ఆ తరువాతే నడపండి.

పదిమంది కళ్ళు చూస్తే ఏమవుతుందనడానికి 2024 మార్చిలో జరిగిన ఎక్స్‌జెడ్ ఉదంతం మంచి నిదర్శనం. దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉండే ఆ కంప్రెషన్ ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో, ఏళ్ళ తరబడి నమ్మకంగా పనిచేసినట్టు నటించిన ఒక సహకారి దొంగదారిని దాచిపెట్టాడు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన యంత్రంలో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతున్నదని గమనించి, కారణం వెదుకుతూ వెళ్ళి దానిని పట్టుకుని, మార్చి 29న అందరికీ తెలియజేశాడు. అప్పటికి ఆ వెర్షన్లు డెబియన్, ఫెడోరాల పరీక్షా శాఖలకు చేరాయి గాని స్థిరమైన విడుదలలకు చేరలేదు. రోజువారీ పని చేసుకునే యంత్రంలో కొత్తదనం కోసం పరీక్షా శాఖలను పెట్టుకోవద్దని మేము చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

పాస్‌వర్డ్ టైపు చేస్తుంటే టెర్మినల్‌లో ఏమీ కనబడడం లేదు. కీబోర్డు పాడైందా?

లేదు. సుడో పాస్‌వర్డ్ అడిగేటప్పుడు చాలా వ్యవస్థలలో చుక్కలు కూడా కనబడవు. టైపు చేసి ఎంటర్ నొక్కితే సరిపోతుంది. పాస్‌వర్డ్ సరైనదే అయినా తప్పని వస్తుంటే కీబోర్డు లేఅవుట్ తెలుగుకు మారి ఉన్నదేమో, క్యాప్స్ లాక్ పడి ఉన్నదేమో చూడండి. నిజంగానే మరచిపోతే రికవరీ మోడ్‌లో రూట్ షెల్ (సర్వాధికార ఖాతా టెర్మినల్) తెరిచి కొత్తది పెట్టుకోవచ్చు. మీరు చేయగలిగిన ఈ పనిని మీ ల్యాప్‌టాప్ ఎత్తుకుపోయినవారు కూడా చేయగలరు కాబట్టి, బస్సుల్లో, మెట్రోలో తిరిగే ల్యాప్‌టాప్‌కు ఇన్‌స్టాల్ సమయంలోనే డిస్క్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవడం మంచిది.

అప్‌డేట్ అయిన తరువాత తెర నల్లగా ఉండిపోతున్నది. డేటా పోయినట్టేనా?

దాదాపు ఎప్పుడూ పోదు. చాలాసార్లు కొత్త కెర్నెల్‌కూ గ్రాఫిక్స్ డ్రైవరుకూ పొత్తు కుదరకపోవడమే కారణం, పాత కెర్నెల్ ఇంకా మీ డిస్క్ మీదే ఉంటుంది. యంత్రం ఆన్ చేయగానే, పాత బయాస్ ఉన్నవాటిలో షిఫ్ట్ పట్టుకుని, కొత్త యూఈఎఫ్ఐ ఉన్నవాటిలో ఎస్కేప్ నొక్కితే గ్రబ్ మెనూ (ఏ కెర్నెల్‌తో బూట్ కావాలో ఎంచుకునే పట్టిక) వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిచి, పై వరుసకు కింద ఉన్న పాత కెర్నెల్‌ను ఎంచుకోండి. దానితో తెర వస్తే లోపం కొత్త కెర్నెల్ దగ్గరే ఉన్నదని తేలినట్టే, ఇక నింపాదిగా వెదుక్కోవచ్చు.

పాత కెర్నెల్‌తోనూ రాకపోతే, గ్రబ్‌లో ఆ వరుస మీద ఇంగ్లీషు "ఈ" (e) అక్షరం నొక్కి, లినక్స్ అన్న మాటతో మొదలయ్యే వాక్యం చివర నోమోడ్‌సెట్ అని చేర్చి, ఎఫ్10 నొక్కండి. ఈ మార్పు ఆ ఒక్క బూట్ వరకే ఉంటుంది కనుక భయపడనక్కరలేదు. తెర ముతకగా కనబడుతుంది గాని, లోపలికి వెళ్ళి డ్రైవరును సరిచేసుకునే వీలు కలుగుతుంది.

ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో దీనికి ఇంకొక మెలిక ఉన్నది. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉన్నప్పుడు, మీ యంత్రంలోనే తయారయ్యే డ్రైవర్ మాడ్యూల్‌కు సంతకం చేసే తాళంచెవిని ఫర్మ్‌వేర్‌లో నమోదు చేయాలి. డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్ చేయగానే నీలిరంగు తెర మీద ఎన్‌రోల్ ఎమ్ఓకే అన్న ఎంపిక వస్తుంది. ఆ తెర కొన్ని క్షణాలే ఉంటుంది. అదేమిటో తెలియక కంటిన్యూ నొక్కేవారే ఎక్కువ. అలా నొక్కితే డ్రైవర్ ఇన్‌స్టాల్ అయినట్టే ఉంటుంది, కాని లోడ్ కాదు. "డ్రైవర్ వేశాను, అయినా పనిచేయడం లేదు" అని వచ్చినవారిని మేము మొదట అడిగేది ఈ నీలి తెర గురించే.

అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయి జనరేటర్‌కు మారినప్పుడు డెస్క్‌టాప్ ఆగిపోయింది. ఇప్పుడు ఇనిట్ఆర్ఏఎమ్ఎఫ్ఎస్ అని చూపి నిలిచిపోతున్నది. ఏమి చేయాలి?

ఫైల్ సిస్టమ్‌లో వ్రాత మధ్యలో తెగిపోయి, తనంతట తాను సరిచేసుకోలేని స్థితి వచ్చినదని దాని అర్థం. అక్కడే ఎగ్జిట్ అని టైపు చేస్తే ఏ పార్టిషన్‌ను తనిఖీ చేయమంటున్నదో చూపిస్తుంది. ఎఫ్‌ఎస్‌సీకే మైనస్ వై అని రాసి, పక్కన ఆ పార్టిషన్ పేరు ఇచ్చి, పని పూర్తయ్యాక రీబూట్ చేయండి. ఎక్కువ సందర్భాలలో ఇంతటితో తీరుతుంది.

మీ అసలు డేటాకు ఇంకెక్కడా నకలు లేకపోతే మాత్రం ఈ పని చేయడానికి ముందు ఆగండి. డిస్క్ తానే చనిపోతూ ఉంటే మరమ్మతు ప్రయత్నం దానిని ఇంకా తొందరపెడుతుంది. లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్‌తో) బూట్ చేసి, స్మార్ట్‌సీటీఎల్ మైనస్ ఏ అన్న కమాండ్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. హార్డ్ డిస్క్ అయితే 5వ సంఖ్య గల రీఅలొకేటెడ్ సెక్టర్లు, 197వ సంఖ్య గల పెండింగ్ సెక్టర్లు అన్న వరుసల చివరి నిలువుగడిలో సున్నా ఉండాలి. ఎన్‌వీఎమ్ఈ డ్రైవ్ (కొత్త రకం ఎస్ఎస్‌డీ) అయితే డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్ అన్న వరుస చూడాలి. అంకె పెరుగుతూ ఉంటే ముందు ఫైళ్ళను కాపీ చేసుకుని, ఆ తరువాతే ఎఫ్‌ఎస్‌సీకే గురించి ఆలోచించండి.

జనరేటర్‌కు మారే ఆ కొద్ది సెకన్లకు ఇంట్లో చిన్న యూపీఎస్ ఉంటే చాలు. దానికి యూఎస్‌బీ తీగ ఉంటే నట్ అనే ప్రోగ్రాముతో, బ్యాటరీ తగ్గగానే యంత్రం సవ్యంగా షట్‌డౌన్ అయ్యేట్టు పెట్టుకోవచ్చు.

పాస్‌వర్డ్ సరిగ్గానే ఇస్తున్నాను, డెస్క్‌టాప్ రాకుండా మళ్ళీ లాగిన్ తెరకే వస్తున్నది.

ముందు డిస్క్ నిండిపోయిందేమో చూడండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల తెర వస్తుంది. అక్కడ లాగిన్ అయి డీఎఫ్ మైనస్ హెచ్ నడిపితే ఏ పార్టిషన్ ఎంత నిండిందో కనబడుతుంది. ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటును రూట్ (సర్వాధికార ఖాతా) కోసం అట్టిపెడుతుంది కాబట్టి, రూట్‌కు పనులు జరుగుతున్నా మీ ఖాతాకు జరగకపోవచ్చు. ఏపీటీ క్లీన్ దించిన ప్యాకేజీలను తొలగిస్తుంది, ఏపీటీ ఆటోరిమూవ్ పాత కెర్నెళ్ళను తీసేస్తుంది, జర్నల్‌సీటీఎల్‌కు మైనస్ మైనస్ వాక్యూమ్ మైనస్ సైజ్ ఈజ్ ఈక్వల్ టు 200, దాని పక్కనే పెద్ద ఎమ్ అని ఇస్తే లాగ్‌లు ఆ పరిమాణానికి కుదించుకుపోతాయి.

చోటు కనబడుతున్నా "నో స్పేస్ లెఫ్ట్" అంటుంటే డీఎఫ్ మైనస్ ఐ నడపండి. లక్షలకొద్దీ చిన్న ఫైళ్ళు చేరి ఐనోడ్లు (ఫైలుకొకటి చొప్పున కావలసిన నమోదు గడులు) అయిపోయి ఉండవచ్చు. ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థుల యంత్రాలలో నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్లు ఇందుకు పేరుమోసినవి. డిస్క్ సంగతి బాగానే ఉంటే, ఎప్పుడో సుడోతో గ్రాఫికల్ ప్రోగ్రాము నడపడం వల్ల హోమ్‌లోని డాట్ ఎక్స్‌అథారిటీ ఫైలు రూట్ పరమై ఉండవచ్చు. ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌ఏ చూపించే యజమాని పేరు మీదే అవునో కాదో చూసి, కాకపోతే సీహెచ్ఓడబ్ల్యూఎన్‌తో మార్చండి.

"డీపీకేజీ లాక్" అని వచ్చి ఏదీ ఇన్‌స్టాల్ కావడం లేదు.

యంత్రం ఆన్ చేసిన కొద్దిసేపటికి వచ్చినదైతే తొందరపడకండి. ప్యాకేజీలను ఎక్కించే డీపీకేజీకి తాళం వేసి వెనుక అప్‌డేట్ ఏదో నడుస్తున్నది, అది ముగిశాక తాళం దానంతట అదే వదులుతుంది. లాక్ ఫైలును తొలగించమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు. అది నడుస్తున్న పని కింద నేల లాగేయడమే. అప్‌డేట్ మధ్యలో యంత్రం ఆగిపోయి ఈ స్థితి వస్తే, సుడో డీపీకేజీ మైనస్ మైనస్ కాన్ఫిగర్ మైనస్ ఏ, ఆపైన సుడో ఏపీటీ మైనస్ మైనస్ ఫిక్స్ మైనస్ బ్రోకెన్ ఇన్‌స్టాల్, ఈ వరుసలో నడపండి.

పీజీలో వై-ఫై కలుస్తుంది గాని, లాగిన్ పేజీ రాదు. ఫోనులో మాత్రం వస్తున్నది.

పీజీల నెట్‌వర్క్ మొదట ఒక పేజీ చూపించి, అందులో నంబరు, ఓటీపీ ఇచ్చాకే బయటకు వదులుతుంది. ఆ పేజీకి మిమ్మల్ని మళ్ళించడానికి అది మీ మొదటి వెబ్ అభ్యర్థనను మధ్యలో అందుకోవాలి. మీ బ్రౌజర్ సురక్షిత డీఎన్ఎస్ (సైట్ల చిరునామాలను గుప్తంగా వెదికే పద్ధతి) వాడుతున్నా, వీపీఎన్ ఆన్‌లో ఉన్నా అది కుదరదు. ఆ రెండూ తాత్కాలికంగా ఆపి, ఐపీ ఆర్ అన్న కమాండ్ డిఫాల్ట్ పక్కన చూపించే గేట్‌వే చిరునామాను బ్రౌజర్‌లో నేరుగా టైపు చేయండి. చాలాచోట్ల పేజీ వెంటనే తెరుచుకుంటుంది. ఒక గదికి ఇన్ని పరికరాలే అన్న పరిమితి ఉన్న పీజీలలో, నెట్‌వర్క్ మేనేజర్ మ్యాక్ చిరునామాను (పరికరం గుర్తింపు సంఖ్యను) మారుస్తూ ఉంటే ప్రతిసారీ కొత్త పరికరంగా లెక్కపడుతుంది. ఆ కనెక్షన్ సెట్టింగులలో క్లోన్డ్ అడ్రస్ దగ్గర పర్మనెంట్ అని ఎంచుకోండి.

వై-ఫై అసలే కనబడకపోతే ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ చూడండి. హార్డ్ బ్లాక్డ్ అని ఉంటే అది ల్యాప్‌టాప్ మీది మీటతో ఆపినది. అదీ కాకపోతే ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ ఎన్ఎన్‌కే ఇచ్చే చిప్ సంఖ్యను సహాయం చేసేవారికి పంపండి. కంపెనీ పేరు కంటే, మధ్యలో రెండు చుక్కలు ఉండే ఆ సంఖ్యే డ్రైవరును తేలుస్తుంది. డ్రైవర్ దించుకోవడానికే ఇంటర్నెట్ కావాలి కదా అంటే, ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి. దానికి మామూలుగా విడిగా డ్రైవర్ అవసరం ఉండదు.

విండోస్‌కూ లినక్స్‌కూ మధ్య సమయం ఐదున్నర గంటలు తేడా వస్తున్నది. ఎందుకు?

మదర్‌బోర్డు మీది గడియారంలో లినక్స్ అంతర్జాతీయ సమయాన్ని ఉంచుతుంది, విండోస్ స్థానిక సమయాన్ని ఉంచుతుంది. భారత కాలమానం 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది కాబట్టి సరిగ్గా అంతే తేడా కనబడుతుంది. టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్ మైనస్ లోకల్ మైనస్ ఆర్‌టీసీ 1 అని నడిపితే లినక్స్ విండోస్ పద్ధతికి సర్దుకుంటుంది.

రెండూ ఉన్న యంత్రాలలో, విండోస్ డ్రైవ్‌లోని ఫైళ్ళు లినక్స్‌లో చదవడానికే తప్ప మార్చడానికి వీలు కాకపోవడం కూడా తరచుగా వినే ఫిర్యాదే. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ డ్రైవ్‌ను సగం నిద్రలో వదిలేయడం దానికి కారణం. ఆ సదుపాయాన్ని విండోస్‌లోనే ఆపాలి. లినక్స్ ఇన్‌స్టాల్‌కు ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) రికవరీ కీ, అంటే ఆ 48 అంకెలు, కాగితం మీద రాసి పెట్టుకోండి. సెక్యూర్ బూట్ సెట్టింగు మార్చగానే విండోస్ దానిని అడగవచ్చు.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకోవచ్చా?

మీ సంస్థ ఐటీ విభాగం రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే. ఈ విషయంలో మేము సహాయం చేయము.

విండోస్ 10 వాడిన పాత ల్యాప్‌టాప్ ఉన్నది. దానిలో ఏది వేయాలి?

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసినప్పటి నుంచి ఈ ప్రశ్న బాగా పెరిగింది. 4 జీబీ ర్యామ్ ఉంటే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ గాని లుబుంటు గాని వేయండి. 8 జీబీ ఉంటే మీకు నచ్చినది. ఉబుంటులో రెండేళ్ళకొకసారి వచ్చే ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు గల) విడుదలనే ఎంచుకోవాలి. 24.04కు 2029 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి, మధ్యలో వచ్చే విడుదలలకు 9 నెలలే. ప్రాసెసర్ 32 బిట్ల కాలం నాటిదైతే డెబియన్ 12 చివరి ఆశ్రయం. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఆ యంత్రాలకు ఇన్‌స్టాలర్ లేదు.

లినక్స్ ఏది అన్న చర్చ మీద పెట్టే సమయంలో సగం కంప్యూటర్ విడిభాగాలు దొరికే ఎస్.పి. రోడ్డుకు వెళ్ళి రావడానికి పెట్టండి. తిరిగే హార్డ్ డిస్క్ స్థానంలో సాటా ఎస్ఎస్‌డీ పెట్టించినంత మార్పు ఏ డిస్ట్రో మార్చినా రాదు. ర్యామ్ కొనేముందు సుడో డీఎమ్ఐడీకోడ్ మైనస్ టి మెమరీ నడిపి, డీడీఆర్3 అవునో డీడీఆర్4 అవునో, ఖాళీ స్లాట్ ఉన్నదో లేదో చూసుకుని వెళ్ళండి. తప్పు రకం స్లాట్‌లో పట్టదు.

తెలుగులో టైపు చేయడం ఎలా? పాత తెలుగు ఫైళ్ళు పిచ్చి అక్షరాలుగా కనబడుతున్నాయి.

ఐబస్ ఎమ్17ఎన్ ప్యాకేజీ వేసుకుని, లాగౌట్ అయి వస్తే ఇన్‌పుట్ భాషలలో తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, యాపిల్ పద్ధతులు కనబడతాయి. కొత్తగా నేర్చుకునేవారికి మా సలహా ఇన్‌స్క్రిప్ట్. అన్ని యంత్రాలలోనూ అదే ఉంటుంది. ఎఫ్‌ఓఎన్‌టీఎస్ మైనస్ టీఈఎల్‌యూ అన్న ప్యాకేజీతో పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. లిబ్రే ఆఫీసులో తెలుగు ఫాంటు మారడం లేదంటే, భాషా సెట్టింగులలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌ను ఆన్ చేసి తెలుగును ఎంచుకోవాలి. దానికి ఫాంటు ఇంగ్లీషుతో సంబంధం లేకుండా విడిగా ఉంటుంది. పాత ఫైళ్ళు అను వంటి యూనికోడ్ కాని ఫాంట్లలో చేసినవైతే, వాటిని యూనికోడ్‌లోకి మార్పిడి చేయనిదే ఏ ఫాంటు వేసినా చదవలేము. ఇది లినక్స్ లోపం కాదు.

ప్రింటర్ పనిచేయడం లేదు.

కొత్త నెట్‌వర్క్ ప్రింటర్లు డ్రైవర్ లేకుండానే కలుస్తాయి. చిక్కంతా మన దుకాణాలలో, చిన్న ఆఫీసులలో ఇప్పటికీ చెక్కుచెదరకుండా నడుస్తున్న పాత లేజర్ ప్రింటర్లతోనే. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కి ప్రింటర్ ఆన్ చేసిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. హెచ్‌పీలిప్ వేసి, హెచ్‌పీ మైనస్ ప్లగిన్ ఒకసారి నడిపితే ఆ పని అదే చూసుకుంటుంది. కెనాన్ ఎల్‌బీపీ 2900 క్యాప్ట్ అనే సొంత భాషలో పనిచేస్తుంది కనుక కాస్త ఓపిక పట్టాలి. కొనబోతున్నవారు మాత్రం డబ్బు కట్టడానికి ముందు ఆ మోడల్ లినక్స్‌లో ఎలా ఉన్నదో ఒకరిని అడగండి.

అనంతపురంలో అమ్మానాన్నల కంప్యూటర్‌ను ఇక్కడి నుంచి చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు, లినక్స్‌లో ఇది విండోస్ కంటే తేలిక. అయితే ఊరు వెళ్ళినప్పుడే ఏర్పాట్లన్నీ పూర్తి చేసి రావాలి. అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ (అప్‌డేట్లు వాటంతట అవే ఎక్కే ఏర్పాటు) ఆన్‌లో ఉన్నదో లేదో చూడండి. నాన్నగారి ఖాతాకు సుడో అధికారం ఇవ్వకుండా, నిర్వహణకు వేరే ఖాతా పెట్టండి. ఫోనులో "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాము, ఇది ఇన్‌స్టాల్ చేయండి" అనే మోసగాళ్ళ పని దీనివల్ల చాలా వరకు చెడుతుంది.

ఇళ్ళ బ్రాడ్‌బ్యాండ్‌లో చాలావాటికి సొంత బహిరంగ చిరునామా ఉండదు, ఒకే చిరునామాను ఎందరో పంచుకుంటారు. అందుకే ఇక్కడి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ నేరుగా కలవదు. వైర్‌గార్డ్ ఆధారంగా పనిచేసే టెయిల్‌స్కేల్ వంటి ప్రైవేట్ నెట్‌వర్క్‌లో రెండు యంత్రాలనూ చేర్చితే ఈ అడ్డు తొలగుతుంది, రూటర్‌లో పోర్టు తెరవవలసిన పనీ ఉండదు. ఎస్‌ఎస్‌హెచ్‌కు పాస్‌వర్డ్‌కు బదులు కీ వాడండి, రూట్ లాగిన్ ఆపండి. ఆ సెట్టింగులు దూరం నుంచి మార్చవలసి వస్తే, ముందు సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ టి నడిపి ఫైలులో తప్పు లేదని చూసుకోండి; ఉన్న సెషన్‌ను మూయకుండా రెండవ టెర్మినల్‌లో కొత్తగా లాగిన్ అయి చూశాకే మొదటిది మూయండి. ఈ ఒక్క అలవాటు లేక తాళం లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టు బయట మిగిలిపోయి, రాత్రి బస్సెక్కినవారు మాకు తెలుసు.

తెర చూస్తూ సహాయం చేయాలంటే రస్ట్‌డెస్క్ బాగుంటుంది. వేలాండ్ (తెర మీది బొమ్మను నడిపే కొత్త పద్ధతి) సెషన్‌లో ప్రతిసారీ అక్కడివారు అనుమతి నొక్కవలసి రావచ్చు. అది ఇబ్బంది అయితే లాగిన్ తెర మీద పాత పద్ధతి అయిన ఎక్స్11 సెషన్ ఉన్నదేమో చూసి ఎంచుకోండి. కంప్యూటర్ పక్కన గోడకు ఒక కాగితం అంటించి, రూటర్‌ను ఎలా ఆపి మళ్ళీ వేయాలో పెద్ద అక్షరాలతో తెలుగులో రాయండి. మీకు వచ్చే ఫోన్‌కాల్స్‌లో సగం దానితోనే తగ్గుతాయి.

టైమ్‌షిఫ్ట్ పెట్టుకున్నాను. బ్యాకప్ ఉన్నట్టేనా?

లేదు. టైమ్‌షిఫ్ట్ మామూలుగా సిస్టమ్ ఫైళ్ళను మాత్రమే దాచుతుంది, మీ హోమ్ ఫోల్డర్‌ను వదిలేస్తుంది. పైగా అదే డిస్క్ మీద ఉంటే డిస్క్‌తో పాటే పోతుంది. అప్‌డేట్ చెడితే వెనక్కు వెళ్ళడానికి అది ఉండాలి. ఫొటోలు, సర్టిఫికెట్లు, ప్రాజెక్టుల కోసం డేజా డప్ గాని ఆర్‌సింక్ గాని వాడి, వేరే డిస్క్ మీదికి నకలు తీయాలి. అందులోంచి ఒక ఫైలును తిరిగి తెచ్చి తెరిచి చూసేంత వరకు దానిని బ్యాకప్‌గా లెక్కించవద్దు.

బెంగళూరులో మనుషులను నేరుగా కలిసి సహాయం తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. 2001లో లినక్స్ బెంగళూరుగా మొదలై, 2005లో ఫాస్ డాట్ ఇన్ (ఫాస్ అంటే స్వేచ్ఛా, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) అని పేరు మార్చుకున్న వార్షిక సమావేశం 2012తో ఆగిపోయినా, ఆ అలవాటు ఈ ఊళ్ళో పోలేదు. ఫాస్ యునైటెడ్ కూడికలు, ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ కర్ణాటక కార్యక్రమాలు ఇప్పుడు జరుగుతున్నాయి. అక్కడ కన్నడం, ఇంగ్లీషుతో పాటు తెలుగు కూడా వినబడుతుంది. వెళ్ళేటప్పుడు ఛార్జర్, లైవ్ యూఎస్‌బీ, ముందే తీసిన బ్యాకప్ వెంట ఉండాలి. అక్కడివారు సొంత సెలవుదినాన్ని ఇస్తున్నారు, కాబట్టి యంత్రాన్ని వారి చేతిలో పెట్టి టీకి వెళ్ళకుండా, కీబోర్డు దగ్గర మీరే కూర్చుని వారు చెబుతుంటే చేయండి.

లోపం నా యంత్రంలో కాదు, ప్రోగ్రాములోనే ఉన్నదని తేలింది. ఎవరికి చెప్పాలి?

ముందు అదే లోపాన్ని ఇంకెవరైనా నమోదు చేశారేమో వెదకండి. చేసి ఉంటే కొత్తది తెరవకుండా, మీ వివరాలను అక్కడే చేర్చండి. లేకపోతే ఉబుంటులో ఉబుంటు మైనస్ బగ్, డెబియన్‌లో రిపోర్ట్‌బగ్ అన్న కమాండ్ పక్కన ప్యాకేజీ పేరు ఇస్తే, అవసరమైన లాగ్‌లను అదే జతచేస్తుంది. లోపాన్ని మళ్ళీ రప్పించే అడుగులను క్రమంగా రాయగలిగితే సగం పని అయినట్టే. కెర్నెల్ లోపమైతే, ఎన్‌విడియా వంటి బయటి మాడ్యూల్ లోడ్ అయి ఉన్న కెర్నెల్‌ను టెయింటెడ్ అంటారు, దాని మీది నివేదికలను కెర్నెల్ డెవలపర్లు సాధారణంగా చూడరు. ఆ మాడ్యూల్ లేకుండా లోపాన్ని మళ్ళీ రప్పించి పంపాలి. నమోదు చేసిన తరువాత ఈమెయిల్ చూసుకుంటూ ఉండండి. డెవలపర్ అదనపు సమాచారం అడిగి నివేదికను ఇన్‌కంప్లీట్ అని గుర్తుపెడితే, ఉబుంటు వాడే లాంచ్‌ప్యాడ్‌లో 60 రోజులపాటు కదలిక లేని నివేదిక గడువు ముగిసి మూతపడుతుంది.